ఎముకల ఆకలి

పశువుల డాక్టరు రాని ఊళ్లకు నేనే డాక్టరును. సర్కారు కాగితాల్లో నన్ను గోపాలమిత్ర అంటారు. ఎదకొచ్చిన ఆవులకు సూది వేయడం, కష్టమైన కాన్పులో దూడను లాగడం, పాలజ్వరానికి సీసా ఎక్కించడం, సదుం మండలంలో ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని. రాజేంద్రకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఆవు రెండు రోజులు నొప్పులు పడ్డాక, దూడ కాళ్లు బయటికొచ్చి ఆరిపోయాక ఫోను చేసేవాళ్లను చూస్తే ఎవరికి రాదు కోపం? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అత్త శాంతమ్మ పెళ్లి పీటల మీదే చెప్పింది. నా నోరు మంచిది కాలేదు. అయినా ఊళ్లు నన్ను వదల్లేదు.

అంత తెలిసినవాణ్ణని మిడిసిపడబట్టే, నాలాంటివాడు మాత్రమే చేయగల తప్పు ఒకటి చేశాను.

ఆరేళ్ల కిందట నా రెండు కిడ్నీలూ పోయాయి. బీపీ ఉందని తెలిసీ మాత్రలు మింగని మొండితనానికి దక్కిన ఫలితం అది. అప్పట్నుంచీ వారానికి మూడుసార్లు మదనపల్లెలో డయాలసిస్. దానికోసం ఎడమ చేతిలో నరాలు కలిపి కుట్టారు కాబట్టి ఆ చెయ్యి బరువు మోయకూడదు. కుడి చెయ్యి చాలు, ఆవు లోపలికి భుజం దాకా పోయేది ఆ చెయ్యే. మిషన్ మీద పడుకునేది వారానికి పన్నెండు గంటలే, మిగతా గంటలన్నీ నావేనని అంబికతో అనేవాణ్ణి. అంబిక నా భార్య, నా మేనమామ కూతురు. డయాలసిస్ లేని రోజుల్లో బండేసుకుని ఊళ్లు తిరిగేవాణ్ణి.

మూడేళ్లు అట్లా బాగానే గడిచాయి. తర్వాత ఎముకలు నొప్పి పెట్టడం మొదలైంది. ముందు మడమలు, ఆ తర్వాత మోకాళ్లు, చివరికి తొడలు. నేలమీద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి, గోడ లేకపోతే మనిషి కావాలి. నా పనంతా నేలమీదే. దూడను లాగాలంటే ఆవు వెనకాల కూర్చోవాలి, పని కాగానే తన్నులు తినకుండా లేవాలి. లేవలేనివాణ్ణి ఎవరు పిలుస్తారు?

ఎముక నొప్పంటే కాల్షియం తక్కువని నాకు ఒకరు చెప్పాలా? ఈనిన ఆవు పడిపోతే కాల్షియం ఎక్కిస్తాం. సీసా అయ్యేలోపు అది పేడ వేసి, తల విదిలించి లేస్తుంది. ఈ చేత్తో వందల ఆవులను లేపాను. అదే లెక్క నాకూ వేసుకున్నాను. కాల్షియం మాత్రలు, విటమిన్ డి సూదులు తెచ్చుకుని, మాత్రలు మింగుతూ, సూదులు నా తొడకు నేనే వేసుకుంటూ ఏడాది గడిపాను. డాక్టరుకు చెప్పలేదు. అంబికకూ చెప్పలేదు.

నొప్పి తగ్గలేదు సరికదా, దురద పట్టుకుంది. ఎనుము చెట్టుకు రుద్దుకున్నట్టు వీపును గోడకు రుద్దుకునేవాణ్ణి. కళ్లు ఎర్రబారాయి. మోచేతి దగ్గర చర్మం కింద సున్నపు రాయిలాంటి గడ్డ లేచింది. మదనపల్లెలో నన్ను చూసే కిడ్నీ డాక్టరు సుప్రజమ్మ ఆ గడ్డను నొక్కి చూసి, రక్తపరీక్ష కాగితం చూసి, మళ్లీ నన్ను చూసింది.

"నేను రాయని మందు ఏదో మింగుతాండావు. నిజం చెప్పప్పా."

చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను, అరవలేదు. కాగితం వెనక్కి తిప్పి మనిషి మెడ బొమ్మ గీసి, అందులో నాలుగు చుక్కలు పెట్టింది.

"ఈ నాలుగూ గ్రంథులు. కందిగింజంత ఉంటాయి. రక్తంలో కాల్షియం తగ్గితే ఎముకలోంచి తెమ్మని చెప్పేది ఇవే. కిడ్నీ పనిచేయకపోతే తిండిలోని భాస్వరం బయటికి పోదు, విటమిన్ డి కూడా ఒంటికి పనికొచ్చే తీరుగా మారదు. దాంతో కాల్షియం తగ్గిందని ఇవి పొద్దస్తమానం పనిచేసి, పనిచేసి ఉబ్బిపోతాయి. నీవి రేగుపండంత అయినాయి. ఇంక ఎవరి మాటా వినవు. నీ ఎముకల్ని తోడి రక్తంలో పోస్తాండాయి. దాని మీద నువ్వు ఇంకా పోస్తివి. ఆ కాల్షియం ఎముకకు పోలా, చర్మంలోకీ రక్తనాళాల్లోకీ పోయి సున్నం కట్టింది."

"ఆవులకు పనిచేస్తాది కదమ్మా" అన్నాను, ఇంకా సిగ్గు లేకుండా.

"ఆవుకు కిడ్నీలు ఉంటాయి రాజేంద్రా."

ఇరవై రెండేళ్లలో నా నోరు మూయించింది ఆ ఒక్క మాటే. ఆ గ్రంథుల నుంచి ఊరే హార్మోను డయాలసిస్ వాళ్లకు ఆరువందల దాకా ఉన్నా ఓర్చుకుంటారట. నాది పద్దెనిమిది వందల నలభై. కొరివితో తల గోక్కున్నానని అప్పుడు తెలిసింది.

ఆ రోజు నుంచి నా ఒంటికి కాపలా అంబిక చేతుల్లోకి పోయింది. ఇంట్లో మూడు ఆవులుండీ పాలు లేవు, పెరుగు లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తిన్న రాగిసంగటి లేదు. తెల్లన్నం, దానితో ఒక పెద్ద మాత్ర. తిండిలోని భాస్వరాన్ని కడుపులోనే పట్టుకుని బయటికి తోసేసే మాత్ర అది. ముద్దతో పాటే పోవాలి. తిండికి ముందు మింగినా వృథా, తిన్నాక మింగినా వృథా. నమలాల్సిన మాత్ర, నా పళ్లేమో కదులుతున్నాయి. అందుకని అంబిక దాన్ని చిన్న రోట్లో మెత్తగా నూరి మొదటి ముద్దలో కలిపి పెట్టేది. పెళ్లిళ్లకు పోయినా రోలు మాతో వచ్చేది. రెండేళ్లలో ఒక్క పూట తప్పలేదు. "కాల్షియం నీకు విషం బావా" అని దేవుడి పేరు తలుచుకున్నట్టు రోజూ తలుచుకునేది.

గ్రంథుల నోరు నొక్కడానికి ఇంకో మాత్ర ఇచ్చారు. అది మింగితే కక్కు. కక్కి, నోరు కడుక్కుని, మర్నాడు మళ్లీ మింగేవాణ్ణి. హార్మోను పదకొండు వందలకు దిగింది. తర్వాత ఏం పుట్టిందో, మళ్లీ ఎక్కి రెండు వేలు దాటింది. ఆ నెలలోనే ఒక జెర్సీ ఆవు పక్కకు ఒరిగి నన్ను గోడకు అదిమింది. అట్లాంటి దెబ్బలు పాత రోజుల్లో పూటకు రెండు తినేవాణ్ణి. ఈసారి రెండు పక్కటెముకలు విరిగాయి.

"మందులతో ఇంక కాదు" అంది సుప్రజమ్మ. "ఈసారి పక్కటెముకలు. వచ్చేసారి తొడ. తొడ విరిగితే నిన్ను లేపడం నా వల్ల కాదు. కుప్పంలో చరణ్ అని సర్జన్ ఉండాడు, ఆ గ్రంథులు తీసేస్తాడు."

ఇంట్లో పంచాయితీ పెట్టారు. పుంగనూరు నుంచి అంబిక తమ్ముడు జగదీష్ వచ్చాడు. వాడికి అక్కడ పశువుల మందుల అంగడి ఉంది.

"మెడ కోస్తే మాట పోతాదంట బావా" అన్నాడు.

"పోతే పోనీ. మండలంలో అందరూ పండగ సేసుకుంటారు."

మా అత్త ఊరుకోలేదు. "మిషన్ మీదనన్నా బతికుండావు, అది సాలదా నాయనా? ఇంక తిరిగింది సాలు. మంచం మీద కూసోని తిను. మేం సేస్తాంలే."

ఆ మాట ప్రేమతోనే అంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. చేతిలో ఉన్న నీళ్లచెంబు కింద పెట్టి చెప్పాను.

"అత్తా, నేను ఆవు దగ్గిర నేల మీద కూసోవాలి. ఎవురి సెయ్యీ పట్టుకోకుండా లెయ్యాలి. నాకు కావాల్సింది అదొకటే. దానికి మెడ కోస్తామంటే కోయించుకుంటా. మీకు ఇష్టమైతే రాండి, లేదంటే బస్సెక్కి నేనే పోతా."

మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా. అంబిక లేచి లోపలికి పోయి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

కుప్పంలో చరణ్ డాక్టరు నాకంటే చాలా చిన్నవాడు. నాలుగు గ్రంథులూ తీసేసి, వాటిలో మంచిగా ఉన్నదాంట్లో చిన్న ముక్క నా కుడి ముంజేతి చర్మం కింద పెడతానన్నాడు. మొత్తం లేకపోయినా కష్టమేనట. కుడి చెయ్యి అనేసరికి నేను అడ్డం తిరిగాను.

"అది నా పని సెయ్యి సార్. ఎడంసేతిలో పెట్టండి."

"ఎడమచేతిలో డయాలసిస్ నరం ఉంది కదన్నా. మామిడికి అంటు కట్టినట్టు చిన్నగా పెడతాను. అది మళ్లీ పెరిగినా మెడ కోయకుండా చేతిలోంచే తీసేయొచ్చు. నీ పనికి అడ్డం రాదు, నాది పూచీ."

అంటు అనేసరికి నాకు అర్థమైంది. చెయ్యి చాపాను.

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున కళ్లు తెరిచాను. ఏదో లేదు. కాళ్లు తీసేశారేమోనని భయపడి దుప్పటి కింద కదిపి చూశాను. కాళ్లున్నాయి. లేనిది నొప్పి. మూడేళ్లుగా నాతో పడుకుని నాతో లేచిన నొప్పి ఒక్క రాత్రిలో పోయింది. నాకు ఏడుపొచ్చింది. అంబిక నా నోటివైపే చూస్తూ కంగారుపడింది.

"మాట రాలేదా బావా? మాట పోయిందా?"

"మాట ఉండాదే. నొప్పే పోయింది" అన్నాను. గొంతు కాస్త బొంగురుగా ఉంది, అంతే. అప్పుడు ఆమె కూడా ఏడ్చింది. పక్క మంచం వాళ్లు ఏమైందో అనుకున్నారు.

ఆ సాయంత్రమే రక్తంలో కాల్షియం పడిపోయింది. చరణ్ డాక్టరు ముందే చెప్పాడు. ఇన్నేళ్లు దోపిడీకి గురైన ఎముకలకు దొంగ పోగానే ఆకలి పుడుతుందట. రక్తంలో కనిపించిన కాల్షియమంతా లాక్కుంటాయట. కొన్ని వారాలు వాటికి కడుపునిండా పెట్టాలి. తొమ్మిది రోజులు గుండె కొట్టుకునే తీరు చూపే మిషన్ పెట్టి, రోజుకు ఇన్నిసార్లని రక్తం తీసి, చుక్క చుక్కగా ఎక్కించారు. ఇంటికి పంపేటప్పుడు కాల్షియం మాత్రలు రోజుకు నాలుగుసార్లు, సారికి మూడు, తిండికీ తిండికీ మధ్య ఉత్త కడుపుతో వేసుకోమన్నారు. రోట్లో నూరే పాత మాత్ర ఆపేయమన్నారు. నర్సు అంబికకు రెండుసార్లు చెప్పింది. అంబిక రెండుసార్లూ తలూపింది.

ఇంటికొచ్చిన ఐదో రోజు ఆదివారం. జగదీష్ నన్ను చూడడానికి కారులో వచ్చాడు. పొద్దున అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే పెదాల చుట్టూ చీమలు పాకినట్టైంది. తుడుచుకున్నాను. చీమలు లేవు. కాసేపటికి కుడి చెయ్యి దానంతటదే ముడుచుకోవడం మొదలైంది. బొటనవేలు అరచేతిలోకి పోయింది, మిగతా నాలుగు వేళ్లూ చాపుకుని దాని చుట్టూ కుచ్చులా చేరాయి. దూడను వెతకడానికి ఆవు లోపలికి పెట్టేటప్పుడు నేను చేతిని ముడిచే తీరు అచ్చం అదే. ఇరవై రెండేళ్లు నేను ముడిచిన చెయ్యి ఇప్పుడు నన్నడక్కుండా ముడుచుకుంది. ఇంకో చేత్తో లాగినా విడిపోలేదు.

"గాలి సోకింది, వేన్నీళ్లు కాపుతా" అంది అంబిక.

"గాలీ కాదు, ధూళీ కాదు. కాల్షియం పడిపోయింది. మాత్రలు ఎట్లా ఇస్తాండావే?"

ఆమె ముఖం తెల్లబోయింది. రోలు వైపు చూసింది. రెండేళ్లు అలవాటైన చెయ్యి, కొత్త మాత్రలనూ నూరి అన్నంలోనే కలిపింది. అన్నంలో కలిస్తే ఆ కాల్షియం భాస్వరాన్ని పట్టుకుని బయటికి పోతుంది, ఒంటికి పట్టేది అరకొర. అదొక్కటే కాదు. మూడుకు బదులు ఒకటే వేసింది.

"విషం అని సెప్పినారు కదా బావా రెండేళ్లు. ఒకేసారి అన్నన్ని ఎట్లా పెట్టేది నేను? తప్పు రాసిచ్చినారేమో అనుకున్యా."

అరవడానికి నోరు తెరిచాను. అరవలేకపోయాను. ముద్దలో తెల్లపొడి రోజూ నా నాలుకకు తగులుతూనే ఉంది కదా! ఏ ఆవుకు ఏ మందు ఎప్పుడు వేశారని యజమానుల పీకలమీద కూర్చుని అడిగే నేను, నా కంచంలో ఏముందో అడగలేదు.

సుప్రజమ్మకు ఫోను చేశాం. ఆరు మాత్రలు ఇప్పుడే నమిలి మింగి, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా రమ్మంది. కదిలే పళ్లతోనే నమిలాను. జగదీష్ కారు తీశాడు.

పుంగనూరు చేరేసరికి రెండో చెయ్యి కూడా ముడుచుకుంది. పిక్కలు పట్టేశాయి. గొంతు ఎవరో చేత్తో బిగించినట్టై, ఊపిరి ఈలలా వస్తోంది. జగదీష్ తన అంగడి ముందర కారు ఆపేశాడు.

"బావా, లోపల కాల్షియం సీసాలుండాయి. ఎక్కించే పైపు సెట్టు ఉండాది. నీ ఎడంసేతిలో నరం తాడంత ఉండాది. నువ్వు సెప్పు, నేను గుచ్చుతా. మదనపల్లె దాకా తట్టుకుంటావో లేదో!"

అంబిక నా ముఖం వైపు చూసింది. నేను ఊఁ అంటే ఆమె దిగి తెచ్చేసేది. ఊఁ అనాలనే అనిపించింది, అబద్ధం చెప్పను. సీసా ఇరవై అడుగుల దూరంలో ఉంది. అది ఎక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. వేళ్లు విడిపోతాయి, గొంతు విడిపోతుంది.

ఇంకొకటి కూడా తెలుసు. తొందరపడి సీసా జోరుగా వదిలినప్పుడు నా చేతుల కిందే రెండు ఆవులు గుండె ఆగి పోయాయి. జబ్బు ముదిరిపోయిందని యజమానులకు చెప్పాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, అంబికకు కూడా.

"వద్దు" అన్నాను. ఒక్కో మాటకూ ఊపిరి కూడగట్టుకోవాల్సి వచ్చింది. "ఆ సీసాలో కాల్షియం ఒకటే లేదు. భాస్వరం ఉండాది, మెగ్నీషియం ఉండాది. బయటికి పంపే కిడ్నీ నాకు లేదు. గుండె మిషన్ లేకుండా ఎక్కిస్తే నేను ఈడ్నే పోతా. బండి తియ్యి."

"బావా..."

"తియ్‌రా! నేను ఆవును కాదు."

వాడు తీశాడు. మదనపల్లె దాకా ఆ రోడ్డు మీద ఎన్ని గుంతలున్నాయో నా పిక్కలకు తెలుసు. కళ్లు మూయలేదు. ఊపిరి తీయడం, వదలడం, అదొక్కటే పనిగా పెట్టుకున్నాను. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని నాకు నేను చెప్పుకున్నాను. అంబిక నా రెండు ముడుచుకున్న చేతులనూ తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో ఛాతీకి వైర్లు అంటించి, సుప్రజమ్మ తానే పక్కన నిలబడి మందు ఎక్కించింది. అంత మెల్లగా ఎక్కించే ఓపిక నాకు ఏనాడూ లేదు. ముందు గొంతు విడిచింది. తర్వాత చిటికెనవేలు కదిలింది. ఆఖరున బొటనవేలు అరచేతిలోంచి బయటికొచ్చింది.

అప్పుడు మొదలైంది అంబిక ఏడుపు. "నా సేత్తో నేనే సంపుకోబోతిని బావా."

"ఏడవద్దే. రెండేళ్లు నన్ను మంచాన పడనీకుండా కాపాడింది ఆ సెయ్యే. నువ్వు నేర్సుకున్నది మర్సిపోలా, అంతే. కొత్తది నేర్సుకుందాం. నేను కూడా."

డాక్టరమ్మ ఆమెను కసరలేదు. కాగితం తెప్పించి, తిండి వేళలు ఒక రంగుతో, మాత్రల వేళలు ఇంకో రంగుతో రాసిచ్చింది. నాకు మాత్రం చెవులు చిల్లులు పడేట్టు చీవాట్లు పెట్టింది. నోరున్నవాడు అడగాల్సింది అడగకపోతే ఆ నోరెందుకంది. నిజమే కదా, పడ్డాను.

మూడు రోజుల తర్వాత ఇంటికొచ్చాం. అంబిక రోలును అటక మీద పెట్టేసింది. ఫోనులో నాలుగు వేళలకు గంట మోగేట్టు పెట్టుకుంది. గంట మోగితే పాలు పిండుతున్నా సగంలో ఆపి లేచొచ్చి మూడు మాత్రలు నా చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడేది. వారం వారం రక్తం చూసి మాత్రలు తగ్గిస్తూ వచ్చారు. నేను రోజూ పొద్దున పెరట్లో నడిచాను. మొదట కర్రతో, తర్వాత కర్ర చంకలో పెట్టుకుని, తర్వాత కర్ర లేకుండా. ఎముకలు గట్టిపడడానికి నెలలు పడుతుంది, తొందరపడొద్దన్నారు. తొందరపడలేదు. జీవితంలో మొదటిసారి ఒక మాట విన్నాను.

ఆపరేషన్ అయిన ఐదో నెలలో సదుం దగ్గర ఒక పల్లె నుంచి అక్కమ్మ అనే ఆవిడ ఫోను చేసింది. తొలిచూలు ఆవు, దూడ తల పక్కకు తిరిగి ఇరుక్కుంది. మళ్లీ పనికి పోతానని సుప్రజమ్మను ముందే అడిగి ఉన్నాను. బరువు లాగడం వేరేవాళ్లు చేయాలని, తల సరిచేయడం వరకే నా పని అని ఒప్పుకుంది. పోయాను. కొట్టంలో పట్టుకోవడానికి గోడ కూడా లేదు, నాలుగు గుంజలూ దూరంగా ఉన్నాయి. ఆవు వెనకాల నేలమీద కూర్చున్నాను. చెయ్యి పెట్టి దూడ తల దారికి తెచ్చాను. అక్కమ్మ, ఆమె మొగుడు పాపన్న కలిసి లాగారు. పెయ్యదూడ పడింది, తుమ్మింది, తల ఎత్తింది. అందరూ దాని చుట్టూ మూగారు.

నేను లేచాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

ఎవరూ చూడలేదు. దూడ పుట్టిన చోట లేచి నిలబడ్డ మనిషిని ఎవరు చూస్తారు? నాకే నమ్మకం కుదరలేదు. మళ్లీ కూర్చున్నాను. మళ్లీ లేచాను.

అక్కమ్మ అప్పుడు ఇటు తిరిగింది.

"ఏంటికప్పా ఊరికే కూసుంటాండావు, లేస్తాండావు? ఏమన్నా పారేసుకుంటివా?"

"ఏమీ పారేసుకోలేదు అక్కా" అన్నాను. "నువ్వు దూడను సూసుకో."

అని ఇంకోసారి కూర్చున్నాను.